గులాబీ ఆకులకు కత్తెర వేసిందెవరు?

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఉండేది కాదు. మేట్టుపాళయంలో ఒక చిన్న ఫ్యాక్టరీలో వాషర్ల కొలతలు సరిచూసే ట్రైనీగా కొత్తగా చేరాను. ఇంట్లో చపాతీ కనిపించినా దాని గుండ్రదనం మీద తీర్పు చెప్పేవాణ్ణి (తినడం మాత్రం మానలేదు). ముత్తియాల్‌పేటలో మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. మేడమీద కుండీల్లో ఆమె గులాబీలు. పిట్టగోడకు అవతల, జాకెట్లు కుట్టే పక్కింటి అక్క. శుక్రవారం పొద్దున్నే గులాబీ అటు వెళ్లేది, రోజూ సాయంత్రం కాఫీ గ్లాసు ఇటు వచ్చేది. అంత స్నేహాన్ని నేను ఒక్క మాటతో చెడగొట్టాను.

ఒకరోజు అత్త గులాబీ కొమ్మ ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. ఆకుల అంచుల్లో గుండ్రంగా, నున్నగా ముక్కలు పోయాయి. "ఏందిరా ఇది? పేనుబంక పడితే సబ్బునీళ్లు కొట్టి పోగొట్టినా. దీనికి వేపనూనె కొట్టినా పోలా. ఏం పురుగో తెలీలా." నేను ఫ్యాక్టరీలో కొలతలు చూసే వెర్నియర్ తీసి ఆకుకు పెట్టి, గొంతు సవరించుకున్నాను. "పురుగు కొరికితే ఇంత నున్నగా రాదత్తా. ఇది కత్తెర పని." కత్తెర అనగానే అత్త చూపు పిట్టగోడ దాటింది. నేను కాదనలేదు.

ఆ శుక్రవారం గులాబీ అటు వెళ్లలేదు. కాఫీ ఇటు వచ్చింది గానీ, "తలనొప్పి" అని అత్త తాగలేదు. మరుసటి రోజునుంచి అదీ రాలేదు. అత్త కొత్త జాకెట్టు ఎక్కడో బజార్లో కుట్టించుకుంది. చేతులు ఎంత బిగుతంటే, నా వీపుమీద ఒకటి వెయ్యాలన్నా చెయ్యి లేచేది కాదు. సాయంత్రాలు ఒక్కతే మేడమీద కూర్చుని కాకుల్ని తిట్టేది. చూస్తే నాకే దిగులు వేసింది.

దొంగను పట్టిస్తే అత్త మనసు కుదుటపడుతుందని, ఆదివారం నీళ్లట్యాంకు వెనక నక్కాను. వచ్చింది అక్క కాదు, ఒక తేనెటీగ! ఆకు అంచున కూర్చుని చకచకా గుండ్రంగా కోసి, ముక్కను కడుపుకింద చుట్టి పెట్టుకుని, దండెం కొక్కానికని నేనే గోడకు రంధ్రం వేసి బద్ధకించి వదిలేసిన చోట దూరింది. అత్తను పిలిచి చూపించాను. ఫోన్లో వెతికితే, అది ఆకులు కోసే జాతి తేనెటీగట. ఆకులు తినదట, పిల్లలకు గది కట్టుకుంటుందట. చెట్టుకు ముప్పు లేదు, మందు కొట్టకుండా వదిలేయడమే మేలట.

అత్త "అయ్యో, ఒక్క మాటైనా అడక్కుండా మొగం తిప్పుకున్నా కదరా!" అని, ఉన్నవాటిలో పెద్ద గులాబీ కోసి, "చెల్లీ!" అని పిలిచి అంతా చెప్పేసింది.

అక్క పువ్వు తీసుకుని కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "నా కత్తెరకు అంత గుండ్రం వొస్తే, నీ జాకెట్టు మెడ మూడు తూర్లు విప్పి కుట్టేదాన్నా అక్కా? సరి, కొలతలు చూసే ఆ పెద్దమనిషి యాడ?"

నేను మళ్లీ ట్యాంకు వెనకే ఉన్నాను.

ఇప్పుడు అదే పనిలో పెద్దవాణ్ణయ్యాను. ఎవరేమడిగినా "చూసి చెబుతాను" అంటాను. నిజంగానే చూసి చెబుతాను. అయినా వెర్నియర్ పట్టుకుని లోకానికంతా తీర్పు చెప్పిన ఆ కుర్రవాడంటే నాకిప్పటికీ ముద్దే. అంత ధైర్యం నాకు మళ్లీ రాలేదు.