ఇంట్లో చిక్కుడు, పెరట్లో మనుషులు

మా అత్త కొమురమ్మ మంచి మనిషి. మొండి మనిషి కూడా. ఆ రెండూ విడదీసి చూడటం నాకు ఇప్పటికీ చేతకాలేదు.

మేళ్లచెరువు దగ్గరి మా ఊళ్లో పెరడు జానెడు తవ్వితే చాలు, సున్నపురాయి తగిలి గడ్డపార ఖంగుమంటుంది. నలభై ఎనిమిదిలో రజాకార్ల భయానికి ఊరంతా నిజాం రాజ్యం ఎల్ల దాటి పోయింది. మిలటరీ వచ్చాక తిరిగొచ్చేసరికి మా మామ లింగయ్య ఇంటి కప్పు కాలిపోయి, మట్టిగోడలు వానలకు పునాది మీదే కుప్పకూలి ఉన్నాయట. దొడ్లో గొర్రె ఒక్కటీ లేదు.

"ఇగ ఈడ ఏమున్నది? అన్న కాడికే పోదాం" అన్నాడు మామ. ఎల్లకు అవతల ఉండే ఆయన అన్న రామనర్సయ్య, కోతలయ్యాక బండి తెస్తానని కబురు పంపాడు.

ఊరు విడవడమంటే అత్తకు ప్రాణం పోయినంత పని. అయినా వాదించలేదు, పార పట్టింది.

పొగ పీల్చిన పాతగోడ మన్ను మొక్కలకు నెయ్యన్నమని ఆమె నమ్మకం. పెళ్లలు చితగ్గొట్టి, రాళ్లు ఏరి, దొడ్లో మిగిలిన గొర్రె పెంటికలు కలిపి, తడిపి, మళ్లీ కలియదిప్పింది. ఏరిన రాళ్లే చుట్టూ పేర్చి, పునాది మీద మోకాలెత్తు మళ్లు కట్టింది. పొయ్యి ఉన్నచోట వంగనారు, మంచం వేసుకునే చోట తోటకూర, గడప పక్కన చిక్కుడు. కాలగా మిగిలిన వాసాలతో చిక్కుడుకు పందిరి. మొగుడూ పెళ్లాలకు మాత్రం పెరట్లో తాటాకుల పాక.

"లింగన్నా, చిక్కుడుకు ఇల్లు కిరాయికిచ్చినవా?" అని ఊరు నవ్వింది.

మామను బాధపెట్టింది ఆ నవ్వు కాదు. ఇల్లు కూలిన జాగాలో విత్తనం వేస్తే ఆ ఇల్లు ఇక లేవదని మా వాళ్ల నమ్మకం. "బతికున్న ఇంటికి పిండం పెట్టినవ్" అన్నాడు.

"పోదామనేటోనికి ఇల్లు లేస్తే ఎంత, లేవకుంటే ఎంత?" అంది అత్త.

ఆయన చాన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. మళ్లకు నీళ్లు మాత్రం తనే తోడి పోసేవాడు. పాపం, ఆయన అలకకు అంతకన్నా బలం లేదు.

చివరికి బండి వచ్చింది. కుండలు, గొంగళ్లు ఎక్కించారు. "వాసాలు గట్టిగున్నయ్, ఇడువకు తమ్మీ" అన్నాడు రామనర్సయ్య.

మామ పోయి పందిరి వాసం రెండు చేతులా పట్టుకున్నాడు. తీగ దాన్ని మెలేసుకుని పైదాకా పాకి, ఊదా పూలతో నిండుగా ఉంది. అత్త అడ్డం పోలేదు. నోరు మూయడం ఎరగని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని చూస్తూ నిలబడింది.

మామ వాసం వదిలేశాడు.

"పూత మీదున్నదాన్ని ఎట్ల పీకుత అన్నా? నువ్వు బండి తోలుకపో."

"మరి ఇల్లు?"

మామ పెరట్లోకి నడిచి, రాయి తేలిన చోట కాలితో తట్టాడు.

"గీడ కడ్త. మెత్తటి మన్ను దానికే ఉండనీ. మేం రాయి మీద పండుకుంటం."

అత్త అప్పుడు ఏడ్చింది.