మెత్తగా మాట్లాడే పెళ్ళికొడుకు

ఆ రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. కర్నూలులో ఇంట్లో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని ఫోనులో థ్రిల్లర్లు చూడడమే పని. మా నాన్న కాలపు సినిమాల్లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని చుట్ట కాల్చేవాడే దొంగ. హాల్లో అందరికీ ముందే తెలిసిపోయేది. నా కాలానికి అది తిరగబడింది. అందరికంటే మర్యాదగా, మెత్తగా మాట్లాడేవాడే చివరికి హంతకుడు. (ఈ సూత్రం పుణ్యమా అని మా వీధి హోమియో డాక్టరు దగ్గర మందు తీసుకోవడం కూడా మానేశాను.) సరిగ్గా అప్పుడే మా అక్కకు కోడుమూరు సంబంధం వచ్చింది. నేతపని వాళ్ళు. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు, కాఫీ ఇచ్చిన నాతో సహా అందరికీ నమస్కారం పెట్టాడు. ఒక్క మాటా గట్టిగా అనలేదు. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

నిశ్చితార్థం దగ్గరపడిన ఒక మధ్యాహ్నం, పాతబస్టాండు దగ్గర ఆయన కనిపించాడు. చేతిలో కొత్త పార, భుజాన తాడు. ఎండకు ముఖమంతా చున్నీ చుట్టుకున్నాను కాబట్టి నన్ను గుర్తుపట్టలేడు. వెంటపడ్డాను. ఇంకో అంగట్లో దూరి, మనిషిని చుట్టగలిగేంత ప్లాస్టిక్ పట్ట కొన్నాడు. అక్కకు ఫోన్ చేద్దామంటే చార్జింగ్ అయిపోయింది (ఎప్పుడు చావాలో థ్రిల్లర్లలో ఫోనుకు బాగా తెలుసు). ఆయన నడక పెంచాడు, నేనూ పెంచాను. ఆయన సందులోకి తిరిగాడు, నేనూ తిరిగాను. చూస్తే, గోడకు ఆనుకుని, పార అడ్డం పెట్టుకుని వణుకుతున్నాడు.

“ఎవురమ్మా మీరు? మూతికి గుడ్డ కట్టుకోని అప్పట్నుంచి నా ఎనకాలే వస్తాండారు! ఎవురు పంపినారు?” (అంత భయంలోనూ ‘మీరు’ అనే అన్నాడు.)

చున్నీ లాగేశాను. “ఆ పార ఎందుకు? పట్ట ఎందుకు? మా అక్కను ఏం జేస్తావు చెప్పు!”

“మగ్గం గుంతలోకి వాననీళ్ళు దిగుతాండాయి. కాలవ తవ్వల్ల, పైన పట్ట కప్పల్ల. ఇంగేముంది?” అన్నాడు అయోమయంగా. అంతలోనే ముఖం వాడిపోయింది. “మీ అక్కకు నేను నచ్చలేదా? అందుకేనా నిన్ను పంపింది?”

నా సూత్రాలన్నీ ఎగిరిపోయాయి. ఎగిరి గంతేయాలనిపించింది, కానీ అక్క పెళ్ళి నా చేతుల్లోనే చెడిపోయేలా ఉంది.

“అయ్యో, లేదు బావా! నీ ఫోటో ఫోన్లో పెద్దగా జేసుకోని చూస్తా, ఒగతే నగుతాంటాది!” అని అరిచేశాను. పక్కనే మిషను కుడుతున్న దర్జీ తలెత్తి చూశాడు. బావ చెవులు ఎర్రబడ్డాయి. ఆ మెత్తని మనిషి పగలబడి నవ్వడం అప్పుడే విన్నాను. అక్క మాత్రం పెళ్ళిదాకా నాతో మాట్లాడలేదు. (బావ చెప్పలేదు. ఆ దర్జీ మా పిన్నికి చుట్టం.)

ఇప్పుడు ఏ థ్రిల్లరైనా మొదలైన కాసేపటికే హంతకుడెవరో చెప్పేస్తాను. చాలాసార్లు నిజమవుతుంది, ఏమంత గొప్పగా అనిపించదు. ఎండలో ఒక మంచివాడి వెంట పరుగెత్తి, తను అనుకున్నది తప్పని తేలగానే ఎగిరి గంతేయాలనుకున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. ఏ సినిమా ముగింపూ నాకు మళ్ళీ అంత హాయి ఇవ్వలేదు.