ఆర్పుడు బావ

మా అక్క మొగుడికి ఆ పేరు పెళ్లిరోజే పడింది. వంటింట్లోంచి గ్యాసు వాసన వస్తోందని పెళ్లికొడుకే లేచి వెళ్లి పొయ్యిలన్నీ ఆర్పేశాడు. చుట్టాల ఆకలి కేకలు పక్క ఊరికి వినిపించాయి. తీరా చూస్తే అది మా పెదనాన్న ఒళ్లంతా పులుముకొచ్చిన సెంటు.

అలాంటి మనిషికి అణువిద్యుత్ కేంద్రంలో, రియాక్టర్‌ని నడిపే గదిలో ఉద్యోగం దొరికింది. మాది చిన్న ద్వీపదేశం. బొగ్గు లేదు, చమురు లేదు. రెండూ ఓడల్లో రావాలి. బావ రియాక్టర్‌కి మాత్రం ఒకసారి ఇంధనం నింపితే ఏడాది దాటి నడుస్తుంది. "మీ మామయ్య కుండలో సూర్యుణ్ణి పెంచుతున్నాడర్రా" అని మా పిల్లలకి కోతలు కోసేవాణ్ణి.

ఎక్కడో యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోయిన ఏడు, అది కోత కాకుండా పోయింది. మిగతా కేంద్రాలు ఒక్కొక్కటే చల్లారాయి. ఊళ్లో దీపాలూ, ఊపిరితిత్తులు పాడై మంచం పట్టిన మా అక్క ఆక్సిజన్ మెషినూ, అన్నీ ఆ ఒక్క కుండ మీదే నడిచాయి.

ఒకరోజు పొద్దున్న నేను అక్క దగ్గర కూర్చుని ఉండగా ఫ్యాను ఆగింది. మెషిన్ కీచుమని బ్యాటరీ మీదికి మారింది. కాసేపటికి బావ ఫోను.

"నేనే ఆపానురా. రియాక్టర్‌ని చల్లబరిచే నీళ్లు తగ్గుతున్నట్టు మీటరు ముల్లు చూపించింది."

"మళ్లీ వెలిగించెయ్ బావా!"

"ఇదేమన్నా పొయ్యా? ఆపితే లోపల ఒక వాయువు పేరుకుంటుంది. అది తగ్గేదాకా రాజుకోదు. రేపటికి గానీ కాదు. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?"

"సాయంత్రం దాకా."

"అయితే ఆస్పత్రికి తీసుకెళ్లరా" అన్నాడు.

ఆస్పత్రులకి ఫోన్లు చేశాను. జనరేటర్లకి డీజిల్ లేక ఉన్నవాళ్లనే పంపించేస్తున్నారట.

మధ్యాహ్నం మళ్లీ ఫోను. నీళ్లు తగ్గలేదట, ముల్లే పాడైందట. నాకు ఒళ్లు మండిపోయింది. దాచలేక అక్కకి చెప్పేశాను.

అక్క మాస్కు కాస్త పక్కకి జరిపి నవ్వింది. "మళ్లీ పెదనాన్న సెంటేనా?"

"నీకు నవ్వెలా వస్తోందే?"

"ఆయన్ని ఏమీ అనకురా." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నిజంగా గ్యాసే అయ్యుంటే?"

బావ డ్యూటీ అప్పగించి పరుగున వచ్చేసరికి బ్యాటరీ లేదు, అక్కా లేదు.

మర్నాడు అక్కని సాగనంపి వచ్చి ముందుగదిలో కూర్చున్నాం. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. ఉన్నట్టుండి దీపాలు వెలిగాయి, ఫ్యాను తిరిగింది. వీధిలో జనం హమ్మయ్య అనుకోవడం వినిపించింది. లోపలి గదిలో, స్విచ్చి తీయడం ఎవరికీ గుర్తులేని మెషిన్ దానంతటదే మొదలై, ఖాళీ దిండు మీది మాస్కులోకి బుస్సుబుస్సున గాలి పంపడం మొదలెట్టింది.

ఆపడానికి లేచాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీరా. కాసేపు నడవనీ."