మళ్ళీ కడుగు

మా మేడం పోయారు. కబురొచ్చేసరికి నేను డ్యూటీకి సెలవు పెట్టి మా కల్లంలో తాలు మిరపకాయలు ఏరుతున్నాను. చేతుల నిండా కారం. మా ఆయనే ఫోను నా చెవి దగ్గర పట్టుకున్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది. కళ్ళు తుడుచుకోబోయి గబుక్కున చేతులు దించేశాను. ఆ చేతులు కంటికి తగిలితే ఏమవుతుందో ఆవిడ మీదే ప్రయోగం చేసి నేర్చుకున్నదాన్ని మరి.

గుంటూరు పక్కన నర్సింగ్ అసిస్టెంట్ కోర్సులో ఆవిడ మాకు గాయాలు కడిగి కట్టు కట్టడం నేర్పారు. మాలో సగం మంది పొద్దున మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళి, మధ్యాహ్నం క్లాసుకొచ్చేవాళ్ళం. అందుకే ఆవిడ పెట్టే పరీక్ష ఇంకెక్కడా ఉండదు. ముందు చేతులకు వేరుశనగ నూనె రాసుకోవాలి. తర్వాత సబ్బుతో గోళ్ళ సందుల దాకా తోముకోవాలి. అప్పుడు ఆవిడ కళ్ళజోడు తీసి, "ఏదీ, పెట్టు" అని మొహం చాపేవారు. ఆవిడ కంటి కింద వేలు ఆనించాలి. మండిందా, "మళ్ళీ కడుగు!"

"మా కంటి మీదే చూసుకుంటాం కదండీ, మీకెందుకండీ ఈ బాధ?" అన్నాను మొదటిరోజే.

"మీవి కారానికి అలవాటు పడ్డ ప్రాణాలే. గాయానికి నోరు లేదు. నాకుంది. నా మీదే చూసుకో."

నోరున్న మాట నిజం. ఆవిడ అరిస్తే బజార్లో కూరలమ్మాయి బేరం ఆపేది. మిర్చి సీజనంతా ఆవిడ కళ్ళు ఎర్రగా వాచి ఉండేవి. అది చూసి మా ప్రిన్సిపాల్ గారు, "పిల్లలు చదవకపోతే చదవకపోయారు, అంతగా ఏడవకండి మేడం" అని ఓదార్చారు కూడా.

సొరకాయ మీద ఎర్రసిరాతో గాయం గీసి మాకిచ్చేవారు. కట్టుకి వాడే పల్చటి గాజుగుడ్డ తడిపి మధ్యలోంచి బయటికి తుడవాలి, వాడిన ముక్కతో వెనక్కి రాకూడదు. మా స్నేహితురాలొకతి పాపం, వాళ్ళ చేలో పత్తి సంచెడు మోసుకొచ్చింది, క్లాసుకు పనికొస్తుందని. "పరుపులో కుక్కుకోవే తల్లీ, పుండులో కాదు. పీచు అంటుకుంటే మళ్ళీ నువ్వే ఏరాలి" అన్నారు. ఆ పత్తితో దిండు కుట్టించుకున్నది మాత్రం ఆవిడే.

ఒకసారి కుక్క కరిచిందని ఒకాయన పిక్క నిండా కారం అద్దుకుని ప్రాక్టికల్స్ జరుగుతున్న చోటికి కుంటుకుంటూ వచ్చాడు. "కరిచింది కుక్క, కూర చేసింది నువ్వు" అంటూనే కుళాయి కింద కూర్చోబెట్టి, పావుగంటసేపు సబ్బుతో కడిగించారు. ఆయన తిట్టిన తిట్లు కుక్కకో మేడానికో తెలియలేదు. కడగడం అయ్యాక సూదిమందుకి ఆటో ఎక్కించి, తప్పించుకోకుండా మమ్మల్నిద్దర్ని తోడు పంపారు.

నాకు ఒకటే పంతం ఉండేది. ఒక్కసారైనా మొదటి కడుగుకే "ఊఁ, ఇక గాయం ముట్టుకో" అనిపించుకోవాలని. కోర్సు అయిపోయింది గానీ అది మాత్రం జరగలేదు. ఉద్యోగం వచ్చిందని స్వీట్లు పట్టుకెళ్తే డబ్బా పక్కన పెట్టి కళ్ళజోడు తీశారు. ఆ రోజూ మళ్ళీ కడుక్కునే వచ్చాను. ఎంత కోపమొచ్చేదో, అంత ఇష్టం ఆవిడంటే.

కబురు విని నేనూ మా ఆయనా వెళ్ళేసరికి మేడం వాళ్ళ పెరట్లో పంపు దగ్గర వరస. అందరూ ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. నూనె సీసా చేతులు మారుతోంది. మేడం అక్కగారు బయటికొచ్చి, "వచ్చినవాళ్ళు వచ్చినట్టు పంపు దగ్గరే ఉంటున్నారేంటమ్మా? మీ ఊళ్ళలో నీళ్ళు రావట్లేదా?" అన్నారు. ఏడుస్తూనే నవ్వేశాం.

నా వంతు వచ్చింది. గోళ్ళ సందుల దాకా తోముకుని వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. కళ్ళజోడు ఎవరో ముందే తీసేశారు. కంటి కింద వేలు ఆనించి కాసేపు చూశాను. ఊఁ అనలేదు. మళ్ళీ కడుగు అనీ అనలేదు.

లేచి పంపు దగ్గరికి వెళ్ళి, మళ్ళీ కడుక్కున్నాను.