మిరియాల వాసన వస్తున్నదన్నాను

జరిగింది జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

1. మంగళవారం ఉదయం ఆరుంబావుకు, మాస్టరు గారు పోయారని ఆయన బావమరిది వచ్చి చెప్పాడు.

2. ఆరూ నలభైకి సూరత్ గోడాదరాలోని ఆయన గదికి చేరాను. అప్పటికే స్నానం చేయించి, తెల్ల అంగీ తొడిగి, చాప మీద పడుకోబెట్టారు.

3. గూట్లోంచి ఆయన సెంటు సీసా తీసి, ఆయన అద్దుకునే పద్ధతిలోనే చెవుల వెనక రెండు చుక్కలు అద్దాను.

4. ఆయన భార్యను నేను అక్కా అంటాను. ఆవిడ సీసా వైపు చూసి, "అండ్ల నీళ్లే ఉన్నయి తమ్మీ. రెండు నెలలాయె" అన్నది.

5. నేను గోడకు ఆనుకుని కూలబడ్డాను. ఆ తర్వాత కాసేపు జరిగినవి నాకు వరుసలో గుర్తు లేవు.

మాస్టరు గారు భేస్తాన్‌లో ఒక రంగుల మిల్లులో కలర్ మాస్టరు. ఏ రంగు ఎంత కలిపితే చీరకు ఏ ఛాయ వస్తుందో నిర్ణయించేది ఆయనే. ఆయన కింద పదహారేళ్లు నేను రంగులు తూచాను. మూడో తరగతిలో బడి మానినవాణ్ని. డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం, తూకం చీటీలు నింపి రాయడం నేర్చుకున్నాను. "తూచినవా? రాయి. రాసినవా? మళ్ల తూచు" అనేవారు.

ఒకనాడు ఆయన పంపితే ఆసిడ్ గదిలోకి వెళ్లాను. లోపల జాడీ పగిలి గదంతా ఆవిరి నిండి ఉంది. ప్రాణం దక్కింది గానీ, ముక్కు పోయింది. అన్నం ఉడికే వాసన, మా అమ్మాయి తల వాసన ఆనాటితో సరి. నేను ఆయనను ఎన్నడూ తప్పుపట్టలేదు. ఆయనే తనను తాను వదల్లేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పది గంటలకు నన్ను పిలిపించుకునేవారు. నూలు పేలిక మీద తన సెంటు రెండు చుక్కలు వేసి నా ముక్కుకు పట్టేవారు.

"ఏమన్న తెలుస్తున్నదా?"

"లేదు మాస్టర్."

"పోనీ తియ్. నేను చెప్త, రాసుకో."

అలా ఒక్క సెంటు గురించే నా నోటుపుస్తకం నిండింది. "మొదటి పావుగంట మిరియాలు. జర మొండిగుంటది. అది చూసి వద్దనేటోడు తొందరోడు." "ఎనుకకెల్లి దాల్చిన చెక్క, జాజికాయ వస్తయి." "పొద్దుగూకేటాళ్లకు రంపం పెట్టిన కట్టె. అదీ దీని అసలు గుణం." తప్పులు కూడా ఎంచేవారు: "ఎండకాలం పెట్టుకోవద్దు. చెమటతోటి లవంగం ఎక్కువైతది." చౌటా బజారు దుకాణదారు పూల సెంటు చూపిస్తే, "సేఠ్, ఇది పెండ్లికొడుక్కి పుయ్. నాకు కట్టె కావాలె" అన్నారు. అక్క ఎగతాళి చేసేది: "రంగు డ్రమ్ముల మునిగొచ్చే ముసలోనికి ఇదేం సోకు?" "డ్రమ్ముల మునుగుతున్ననే, అందుకే" అనేవారాయన.

ప్లేగు వచ్చి మన తెలుగువాళ్లంతా ఊళ్లకు రైళ్లెక్కిన ఏడాది ఆయన సూరత్ విడవలేదు. వీధుల్లో మందు పొడి చల్లుతుండగా నా తలుపు తట్టి, "ఊరంతా మందు కంపు. నీ నసీబు మంచిగున్నదిరా మూర్తీ" అని నవ్వారు. అంతలోనే నవ్వు ఆపి, తల దించుకున్నారు.

ఈ ఏడు ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డారు. పోయిన ఆదివారం పేలిక నా ముక్కుకు పట్టి, "నిన్ను ఆ గదికి తోలింది నేనే గద" అన్నారు. నేను తట్టుకోలేకపోయాను.

"వస్తున్నది మాస్టర్. మిరియాలు."

ఆయన నా ముఖం చూశారు. "ఇంక?"

"దాల్చిన చెక్క. ఎనుకకెల్లి కోసిన కట్టె." నా పుస్తకంలోని ఆయన మాటలే ఆయనకు అప్పజెప్పాను.

పేలిక కిందికి దించి, "మంచిదిరా. రాసుకో" అన్నారు. వేళ వేసి రాశాను. ఆయన మనసు తేలికపడిందనుకుని ఇంటికి నడిచాను.

మంగళవారం అక్కను అడిగాను, సీసాలో నీళ్లెందుకని.

"బజార్ల దొరుకుతలేదు. అయిపోయిందంటే నువ్వు రావుడు బంద్ చేస్తవని పోయించిండు."

"ఆదివారం నేను పోయినంక ఏమన్నరక్కా?"

"ఏమన్లే. ఆ పేలిక మడతపెట్టి నా చేతికిచ్చి, గోడ దిక్కు తిరిగి పండుకున్నడు."

ఉత్త నీళ్లను నేను మిరియాలన్నాను. నా ముక్కు రాలేదన్న సంగతి ఆయనకు నా నోటితోనే రూఢి అయింది. దానితో పాటు, పదహారేళ్లు ఆయన నేర్పిన నేను తూచకుండా రాశానన్న సంగతీ తెలిసింది. బరువు దింపబోయి ఇంకొకటి ఎత్తి పంపాను. "మంచిదిరా" అన్న మాటలో క్షమ ఉందని మా ఆవిడ అంటుంది. నాకు కనబడడం లేదు. అడుగుదామంటే ఇక ఆదివారం లేదు.

తాపీ నది ఒడ్డున చితి అంటించాక, పక్కనున్న మగ్గాల మనిషి నా భుజం తట్టాడు. "గంధపు చెక్క గిట్ల ఏసిండ్రు గదనే అన్నా, వాసన ఎంత మంచిగొస్తున్నదో!"

"నాకేం తెలుస్తలేదు" అన్నాను. ఏడుపు వల్ల అనుకున్నాడేమో, పక్కకు జరిగాడు. గాలి తిరిగి పొగంతా నా మీదికి వచ్చింది. జనం కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గారు. నేను అక్కడే నిలబడి, కళ్లు మండుతుండగా, రొమ్ము నిండా పీల్చాను. మళ్లీ పీల్చాను.

ఆదివారం, ఉదయం పదీ పది నిమిషాలు.
బోగ లింగమూర్తి సత్తయ్య