కోటేశ్వరమ్మ పాటకు కుదిరిన వేగం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, శివరాత్రికి మూడు వారాల ముందు మాట. అప్పట్లో నేను నరసరావుపేటలో ఒక రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరుగా పనిచేసేవాణ్ణి. కోటప్పకొండ తిరునాళ్లకు అలంకరించి కట్టే ఎత్తైన ప్రభల ముందు పాడే భజన బృందాలకు ఆ నెలంతా ట్రాకులు తయారుచేసేవాళ్లం. ట్రాక్ అంటే గొంతు లేకుండా వాయిద్యాలు మాత్రమే ఉన్న రికార్డు. దాన్ని పెట్టుకుని మైకులో పాడతారు.

కోటేశ్వరమ్మ గారు పక్క ఊరి భజన బృందానికి పెద్ద. ఆమె పాటకు చాలా ఏళ్ల క్రితం ట్రాక్ చేసింది నేనే. కరోనా వచ్చిపోయాక ఆమెకు ఊపిరి చాలడం లేదు.

"అదే ట్రాకు కాస్త నిదానం చెయ్యి తమ్ముడూ. చరణం మధ్యలో ఆయాసం వస్తంది," అని అడిగారు.

టేపుల కాలంలో వేగం తగ్గిస్తే శ్రుతి కూడా దిగిపోయేది. కంప్యూటర్ శ్రుతిని కదలనివ్వదు. శబ్దాన్ని సన్నని ముక్కలుగా కోసి, సాగదీసిన చోట అవే ముక్కలను మళ్లీ అతుకుతుంది. తంబురా నాదంలో ఆ అతుకు అంతగా తెలియదు. డప్పులో తెలుస్తుంది. దెబ్బ మొద్దుబారుతుంది, ఒక్కోసారి ఒకటి రెండుగా వినబడుతుంది. నిమిషానికి నూట ఇరవై దెబ్బలున్న తాళాన్ని తొంభై ఆరుకు దించాను. అది మోతాదు మించిందని నాకు తెలుసు. జనంలో ఎవరు గమనిస్తారులే అనుకుని పెన్ డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చేశాను.

నాలుగో రోజు ఆమె తిరిగి వచ్చి పెన్ డ్రైవ్ బల్ల మీద పెట్టారు.

"ఇంక నా వల్ల కాదు తమ్ముడూ. నిదానం చేసినా తాళం అందట్లా. చానాసార్లు పాడి చూశా. ఊపిరితోపాటు చెవి కూడా పోయినట్టుంది. ఈ ఏడు మా తోడికోడల్ని పాడమన్నా."

"మీ చెవికేం కాలేదక్కా. ట్రాక్‌లోనే దెబ్బ చెదిరింది. నాకు తెలిసే ఇచ్చాను," అని ఒప్పుకున్నాను.

ఆమె పెన్ డ్రైవ్‌ను నావైపు నెట్టారు. "ఆ ముక్క అప్పుడే చెప్తే ఏం పోయింది? నా పని అయిపోయిందనుకున్నా గదా!" అన్నారు.

పాత ట్రాక్‌కు డప్పు కొట్టిన ఏసోబు గారిని ఆ మధ్యాహ్నమే పిలిపించాను. ముందు కోటేశ్వరమ్మ గారిని వాయిద్యం లేకుండా పాడమని, ఆ వేగాన్ని లెక్కకట్టాను. నూట ఎనిమిది వచ్చింది. నేను ఆమెను అడక్కుండానే తొంభై ఆరు దాకా దించేశానన్నమాట.

ఏసోబు గారు పెరట్లో గడ్డి మంట మీద డప్పు కాచుకుని వచ్చి, ఆమె పెదవులను చూస్తూ వాయించారు. దెబ్బకూ దెబ్బకూ మధ్య పాత రికార్డులో లేని, ఎడమచేతి సన్నపాటి చిటికెన పుల్ల సవ్వడి ఒకటి వినిపించింది. ఎందుకని అడిగాను.

"ఇంత నిదానంలో పాత దెబ్బలే ఏస్తే మధ్యలో బోసిపోద్ది సార్," అన్నారు.

ఆమె సరిగ్గా అక్కడే ఊపిరి తీసుకున్నారు. మూడోసారికి చరణం ఎక్కడా తెగకుండా పూర్తయింది. కాచిన తోలు వాసన, ఆమె నవ్వు, ఆ ఇరుకు గది నాకిప్పటికీ గుర్తే. శివరాత్రి నాడు ప్రభ ముందు ఆమే పాడారు.

రిటైరయ్యే దాకా ఇక ఎవరిచేతనైనా ముందు వట్టి గొంతుతో పాడించి, ఆ తర్వాతే వేగం నిర్ణయించాను. సాగదీసిన ట్రాక్ ఇవ్వక తప్పనప్పుడు, అందులో ఏం చెడిందో ముందే చెప్పాను. మన పనిలోని లోపాన్ని మనం దాచిపెడితే, ఎదుటి మనిషి దాన్ని తనలో వెతుక్కుంటాడు.