రాక్షసగుళ్ళ పక్క మలుపు

ఆ ఉదయం కొండపల్లి అవతలి మామిడితోటలో ఉన్నవి: కలెక్టర్ రకం మామిడికాయ నిండా పోసిన ట్రక్కుతో ఒక ట్రాక్టరు, ముప్పై మీటర్ల టేపు, కొబ్బరి తాడు, మేకులు, సుత్తి, నా క్యారియరు. ఉన్నవాళ్ళు: తోట యజమానురాలు, ఆమె భర్త, డ్రైవరు, నేను. ఇంతమందిమీ దేనికోసం చేరామో అవీ ఉన్నాయి, వలయంగా పాతిన పంతొమ్మిది రాళ్ళు.

ఊళ్ళో వాటిని రాక్షసగుళ్ళంటారు. నిజానికి అది, రాయడం పుట్టకముందు ఇక్కడ బతికిన మనుషుల సమాధి. తోటలో కాయ రోడ్డెక్కే బండిదారి ఆ వలయం అంచునే పోతుంది. అప్పటికే చక్రాల కింద రెండు రాళ్ళు పగిలిపోగా మిగిలినవే ఈ పంతొమ్మిది. చుట్టూ కంచె వేసి, చూడ్డానికొచ్చేవాళ్ళకు కాలిబాట తీయాలి. డిప్లొమా అయి పురావస్తు శాఖలో కొత్తగా ఉద్యోగంలో చేరిన నాకు ఆ కొలతల పని అప్పగించారు. తోట తరఫున సంతకం పడితే తప్ప పని మొదలవదు.

వారాల తరబడి భర్త చుట్టూ తిరిగాను. "రాక్షసులకి కంచెందుకండీ? వాళ్ళని చూసి మనం కట్టుకోవాలి గానీ," అని నవ్వేవాడు. తీరా ఆయన సరేనన్నాక తెలిసింది, ఆ తోట ఆమెకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిందని.

కంచె వస్తే దారి కొండవైపుకి జరగాలి కదా, ఆ వాలులో ట్రక్కు తిరుగుతుందా అని ఆమె అడిగింది. కాగితం మీద గీసి చూపించాను.

"కాగితం మీద కాయ తోలలేం కదండీ. నిండు బండి తిరిగితే సంతకం పెడతాను. తిరక్కపోతే ఆ రాళ్ళు తీయించి దారి బాగుచేయించుకుంటాను."

అది బెదిరింపు కాదు. ఆ కాయ మీదే వాళ్ళ ఏడాది గడవాలి.

అందుకే ఆ ఉదయం కంచె రావలసిన చోట మేకులు కొట్టి తాడు కట్టాను. డ్రైవరు కొండపల్లి ఆయన, వాళ్ళకు పాత స్నేహితుడు. "భాయ్, తాడు తెగితే రాత్రికి రాక్షసులు నీ తలుపే కొడతారు," అన్నాడు భర్త. "రానీండి, మీ ఇంటికి దారి చెప్పి పంపిస్తా," అని ఆయన గేరు వేశాడు.

ట్రాక్టరు తేలిగ్గానే తిరిగింది. వెనక ట్రక్కు మాత్రం వాలుకి రాళ్ళవైపు జారింది. పైనున్న కాయలు కొన్ని దొర్లి వలయంలో పడ్డాయి. బండి దాటిపోయాక చక్రం జాడకీ తాడుకీ మధ్య టేపు పెట్టాను. పదకొండు అంగుళాలు.

ఆమె టేపు వైపు చూడలేదు. "ఇంకోసారి తిప్పు అన్నయ్యా," అంది. రెండోసారీ తాడు తగలకుండానే తిరిగింది. ఆమె పెన్ను అడిగింది. అప్పటిదాకా జాడలేని ఆకలి నాకు ఒక్కసారిగా వేసింది. క్యారియరు విప్పి నలుగురం పులిహోర పంచుకున్నాం.

కంచె పడిన మరుసటి ఏడు, గుణదల నుంచి ఒక బడి పిల్లలు బస్సులో వచ్చారు. వాళ్ళు కాలిబాట మీద నిలబడి వేళ్ళు చాచి రాళ్ళు లెక్కపెడుతుంటే, కొండవైపు నుంచి కాయ ట్రాక్టరు నెమ్మదిగా తిరిగి వెళ్ళింది. అది వెళ్ళాక నేనూ లెక్కపెట్టాను.

పంతొమ్మిది.